సుగ్గిలో ఉన్న మనిషిని ఎవరు లెక్కిస్తారు?

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల మొహల్లా పెద్దలు, సామాజిక కార్యకర్తలు, మహిళా సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సామాజిక పరిశోధన గురించి మాట్లాడమని మమ్మల్ని కోరారు. ఈ మాట వినగానే అది విశ్వవిద్యాలయాల్లో చదువుకున్నవారి వ్యవహారమనీ, మనకు సంబంధించింది కాదనీ అనిపించవచ్చు. కాని మన ఇంటి గడపలో నిలబడి "మీ ఇంట్లో ఎంతమంది? ఏం పని చేస్తారు? పిల్లలు బడికి పోతున్నారా?" అని అడిగే ప్రతి ప్రశ్నా సామాజిక పరిశోధనే. ఆ ప్రశ్నలకు మనం చెప్పే జవాబు మీదా, మనం ఇంట్లో లేనందువల్ల చెప్పలేకపోయిన జవాబు మీదా మన పిల్లల చదువు, మన వితంతువుల పింఛను, మన వార్డు అంగన్‌వాడీ ఆధారపడి ఉంటాయి. అందుచేత ఈ రోజు మూడు సంగతులు మీ ముందుంచదలచాము. లెక్క బలహీనులను ఎలా కాపాడుతుంది? అదే లెక్క వారికి ఎప్పుడు హాని చేస్తుంది? త్వరలో రానున్న జనగణనలో మన ప్రాంతపు వలస కుటుంబాలు జారిపోకుండా మనం ఏమి చేయాలి?

మొదట మన నేలను ఒకసారి చూద్దాము. బీజాపూరు సుల్తానుల కాలంలో సిద్ది మసూద్ ఖాన్ పాలించిన ఊరు ఆదోని. ఆయన కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఈ పట్టణానికి గుర్తుగా నిలిచి ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో భాగం. ఆ కారణంగా ఇక్కడ ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపిస్తాయి. ఆదోని పత్తి మార్కెట్టు రాష్ట్రంలోనే పేరున్నది. ఎమ్మిగనూరుకు చేనేత వల్ల పేరు వచ్చింది. మాచాని సోమప్ప గారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ ఊరి కీర్తిని దేశమంతటా చాటింది. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఇంత పేరున్న ఊళ్ల చుట్టూనే రాష్ట్రంలోకెల్లా వెనుకబడిన పల్లెలున్నాయి. 2011 జనగణన ప్రకారం నాటి ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67 శాతం కాగా, కర్నూలు జిల్లాది 60 శాతం మాత్రమే. పడమటి మండలాల పరిస్థితి ఆ జిల్లా సగటు కంటే కూడా దిగువన ఉన్నదని ఇక్కడి ఉపాధ్యాయులందరికీ తెలుసు. తుంగభద్ర దిగువ కాలువ మన పక్కనే పారుతున్నా చివరి భూములకు నీరు చేరడం ఏటా అనుమానమే. వాన తప్పితే పని తప్పుతుంది. ఖరీఫు కోతలు ముగిశాక కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లె సర్దుకొని సుగ్గికి బయలుదేరుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి ఏరడానికి, తెలంగాణ పొలాలకు, బెంగళూరు కట్టడాలకు పోతాయి. ముసలివారు ఇంటికి కాపలాగా మిగులుతారు. పిల్లలు కొందరు తల్లిదండ్రుల వెంట పోతారు, కొందరు సీజనల్ హాస్టళ్లలో ఉంటారు. ఉగాది దాటాక గాని ఊరు మళ్లీ నిండదు.

ఈ వలసలో అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ ఉన్నారు. దళితులు, బోయలు, కురువలు ఎంతమంది పోతారో వారితో పాటు పల్లెల్లోని ముస్లిములూ, దూదేకులవారూ పోతారు. పట్టణంలోని ముస్లిం కుటుంబాల బలహీనత మరో రకమైనది. హమాలీ పని, జిన్నింగ్ మిల్లు పని, తోపుడుబండి, ఆటో, మెకానిక్ షెడ్డు, ఇంటి దగ్గర కుట్టుపని వారికి ఆధారం. వీటిలో చాలావాటికి హాజరుపట్టీ ఉండదు, జీతపు చీటీ ఉండదు, ప్రమాదం జరిగితే అడగడానికి యజమాని పేరు కూడా దొరకదు. కాగితం మీద లేని పని చేసేవాడు కాగితం మీద లేని మనిషిగా మిగిలిపోతాడు. మన సమస్య ఇక్కడ మొదలవుతుంది.

ఇక లెక్క ఏమి చేయగలదో చూద్దాము. 2005 మార్చిలో నియమితమైన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. అంతకుముందు ముస్లిముల వెనుకబాటు అందరికీ తెలిసిందే అయినా అధికారికంగా ఎవరూ ఒప్పుకోవలసిన అవసరం లేకపోయింది. ఐఏఎస్ అధికారుల్లో ముస్లిములు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం అని అచ్చులో వచ్చాక ఆ మాటను కాదనడం ఎవరి తరమూ కాలేదు. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నలుగురిలో ఒకరు బడి మొహం చూడలేదనో, మధ్యలో మానేశారనో ఆ నివేదిక తేల్చింది. స్కాలర్‌షిప్పులు, మైనారిటీ కేంద్రీకృత ప్రాంతాల పథకాలు ఆ అంకెల వెంట వచ్చినవే.

అదే నివేదికలో మన రాష్ట్రం గురించి ఉన్న సంగతి మనం జాగ్రత్తగా చదవాలి. 2001 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ ముస్లిముల అక్షరాస్యత 68 శాతం. అది రాష్ట్ర సగటు కంటే ఎక్కువ. ఈ ఒక్క అంకె పట్టుకొని ఆంధ్ర ముస్లిములకు ఇబ్బందేమీ లేదని వాదించినవారు ఉన్నారు. అసలు కారణం వేరు. మన జనాభాలో పట్టణవాసులు ఎక్కువ. ఎక్కడైనా పల్లెల కంటే పట్టణాల్లో అక్షరాస్యత ఎక్కువగానే ఉంటుంది. హైదరాబాదును, కౌతాళాన్ని ఒకే సంచిలో వేసి తూచి సగటు బరువు చెబితే కౌతాళపు ఆడపిల్ల ఆ తూకంలో కనిపించదు. రాష్ట్ర సగటు ఎంత నిజమైనదైనా అది మన మొహల్లా సంగతి చెప్పదు. మన మొహల్లా సంగతి మన మొహల్లాలోనే లెక్క తీయాలి.

లెక్క సరిగా లేకపోతే ఎంత నష్టమో రిజర్వేషన్ల చరిత్ర మనకు నేర్పింది. 2004లో ప్రభుత్వం ముస్లిములకు 5 శాతం రిజర్వేషను ఉత్తర్వు ఇచ్చింది. హైకోర్టు కొట్టివేసింది. 2005లో మళ్లీ తెచ్చిన చట్టమూ అదే సంవత్సరం హైకోర్టులో నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ గారి అధ్యయనం, ఆపై వెనుకబడిన తరగతుల కమిషన్ సిఫారసు ఆధారంగా వృత్తులను, సామాజిక స్థితిని బట్టి ముస్లిం సమూహాలను గుర్తించి బీసీ-ఇ పేరుతో 4 శాతం ఇచ్చారు. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లిములు, ఫకీర్లు, హజాములు, ఖురేషీలు, షేకులు, సిద్దీలు ఈ జాబితాలో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి సమూహాలు లేవు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీనినీ కొట్టివేసింది. ఆ తరువాతి నెలలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడం వల్లనే అది కొనసాగుతున్నది.

ఇన్నిసార్లు కోర్టుల్లో వినిపించిన అభ్యంతరాలలో ముఖ్యమైనది ఏమిటి? వెనుకబాటును తేల్చిన అధ్యయనం చాలినంత శాస్త్రీయంగా జరగలేదన్నదే. ఆ తీర్పులతో మనం ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కాని ఒక పాఠాన్ని కాదనలేము. మన పేదరికం మనకు కళ్లెదుట కనిపిస్తున్నా న్యాయస్థానానికి అది సాక్ష్యం కాదు. పద్ధతిగా సేకరించి, ఎవరైనా తిరిగి పరీక్షించుకోగలిగేలా రాసిన లెక్క మాత్రమే సాక్ష్యం. ఆదోనిలో ఒక హజాము కొడుకు ఇంజనీరింగ్ సీటు నిలబడేదీ కూలేదీ ఎన్నడో ఎవరో నింపిన ఒక ఫారం నాణ్యత మీద ఆధారపడి ఉండవచ్చు.

ఇప్పుడు రెండో సంగతి. లెక్క అన్నివేళలా మేలే చేస్తుందని మేము చెప్పడం లేదు. బలహీనుల మీద పరిశోధన చేయడం సులభం, ఎందుకంటే వారు కాదనలేరు. మన తెలుగు నేల మీదనే దీనికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరును నివారించే టీకాపై ఒక అధ్యయనం జరిపారు. అందులో చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు. కొందరు బాలికలు మరణించిన వార్తల తరువాత 2010లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా ఉపయోగకరమైనదే, దాని మీద మాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే తల్లిదండ్రుల సమ్మతి స్థానంలో అనేక చోట్ల హాస్టలు వార్డెన్ల సంతకాలు ఉన్నాయన్న సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. బిడ్డ తరఫున సంతకం చేయవలసిన తల్లిని ఎవరూ అడగలేదు. అడిగితే అర్థం కాదనుకున్నారో, అడగవలసిన అవసరమే లేదనుకున్నారో గాని, అడగలేదు.

మన విషయానికి దీనిని అన్వయించుకుందాము. ఒక స్వచ్ఛంద కార్యకర్త మన వీధికి వచ్చి బాల్యవివాహాల మీద సర్వే చేస్తున్నాడనుకోండి. అది అవసరమైన సర్వేనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లి జరిగింది. అన్ని మతాల్లోనూ ఉన్న ఈ జాడ్యాన్ని మనం దాచుకోవలసిన పనిలేదు. కాని ఆ కార్యకర్త అత్తగారి ఎదుటే కోడలిని వయసు అడిగితే నిజం రాదు. వచ్చినా ఆ రాత్రి ఆ పిల్లకు ఏమవుతుందో అతడికి తెలియదు. ఆ ఇంటి ఫొటో తీసి పేరుతో సహా వాట్సాప్‌లో పెడితే అది పరిశోధన కాదు, పరువు తీయడం. మన సంప్రదాయంలో అమానత్ అనే మాట ఉంది. ఒకరు మన చేతికి అప్పగించినది, వారు అడిగినప్పుడు చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వవలసినది. ఒక బేవా స్త్రీ తన అప్పు గురించి మనకు చెప్పిన మాట కూడా అమానతే. దానిని ఆమె మేలుకు తప్ప మరి దేనికీ వాడే హక్కు మనకు లేదు.

మరి మంచి పరిశోధన ఎలా ఉంటుంది? దీనికి మన జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. 1990 దశకం చివర కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సంకర పత్తి విత్తనాల పొలాల్లో వేలాది ఆడపిల్లలు పనిచేస్తుండేవారు. పూవు పూవుకూ చేత్తో పరాగం అద్దే పని అది. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లలను పనిలో పెట్టుకునేవారు. పరిశోధకులు దావులూరి వెంకటేశ్వర్లు గారు ఈ పొలాల్లో ఏళ్ల తరబడి అధ్యయనాలు చేశారు. పిల్లలు పనిచేస్తున్నారని చెప్పి ఊరుకోకుండా, ఎందుకు పనిచేస్తున్నారని అడిగారు. విత్తన కంపెనీలు రైతుకు ఇచ్చే ధరతో పెద్దవాళ్లకు గిట్టుబాటు కూలి ఇవ్వడం సాధ్యం కాదని లెక్క కట్టి చూపించారు. దాంతో తప్పు తల్లిదండ్రుల అజ్ఞానానిదేనన్న వాదన బలహీనపడింది. కంపెనీల బాధ్యత చర్చకు వచ్చింది, 2000 దశకం మధ్యనాటికి అవి కొన్ని చర్యలకు ఒప్పుకోవలసి వచ్చింది. సమస్య పూర్తిగా పోయిందని అనలేము. కాని ప్రశ్న సరిగా వేస్తే వేలు ఎవరి వైపు చూపాలో మారుతుందని ఆ అధ్యయనాలు నిరూపించాయి.

రెండో ఉదాహరణ సామాజిక తనిఖీ. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పదిహేడో సెక్షను పనుల తనిఖీ అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. దానిని పద్ధతిగా అమలుచేసి దేశానికి చూపింది మన రాష్ట్రమే. 2006లో మొదలైన ఆ పనికి 2009లో ప్రత్యేక స్వతంత్ర సొసైటీ ఏర్పడింది. దాని విధానం చూడండి. తనిఖీ చేసేవారిని కూలికి వెళ్లే కుటుంబాల నుంచే ఎంపిక చేశారు. కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి మస్టరు రోల్సు నకళ్లు వారి చేతికిచ్చారు. వారు ఇల్లిల్లూ తిరిగి "నీ పేరున ఇన్ని రోజుల కూలి రాశారు, నీకు ముట్టిందా?" అని అడిగారు. తేలినదంతా గ్రామసభలో బిగ్గరగా చదివారు. ఆపై మండల స్థాయి ప్రజావేదికలో అధికారుల ఎదుట మరోసారి చదివారు. చదువురాని మనిషి కూడా తన పేరు వినబడగానే లేచి నిలబడి "నాకు ముట్టలేదు సారూ" అని చెప్పగలిగాడు. దొంగ పేర్లు, చనిపోయినవారి పేర్లు అలా బయటపడ్డాయి. అన్ని చోట్లా డబ్బు తిరిగి రాలేదు, అందరు దోషులకూ శిక్ష పడలేదు. అయినా, లెక్క చెప్పమని అడిగే హక్కు కూలివాడికి ఉందన్న సంగతి స్థిరపడింది.

ఈ రెండు ఉదాహరణల నుంచి మేము గ్రహించినది ఒక్కటే. ఎవరి గురించి లెక్క తీస్తున్నామో వారు ఆ లెక్కలో భాగస్వాములు కావాలి. ప్రశ్న తయారుచేసేటప్పుడు వారు ఉండాలి. అడిగేవారిలో వారు ఉండాలి. తేలినది వారి ఎదుట, వారి భాషలో చదివి వినిపించాలి. అప్పుడే ఆ లెక్క వారిని కాపాడుతుంది. వారి ప్రమేయం లేని లెక్క ఎంత గొప్పదైనా ఎవరో ఒకరి బీరువాలో నిద్రపోతుంది.

ఇక మూడో సంగతికి వద్దాము. ఈ రోజు మనం ఇక్కడ కూర్చోవడానికి అసలు కారణం ఇదే. 2021లో జరగవలసిన జనగణన ఎట్టకేలకు జరగబోతున్నది. ఇళ్ల జాబితా దశను 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య నిర్ణయించారు. మనుషులను లెక్కించే దశ 2027 ఫిబ్రవరిలో ఉంటుంది. లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. 1931 తరువాత మొట్టమొదటిసారిగా అందరి కులాలనూ అందులో నమోదు చేస్తామని ప్రభుత్వం 2025లో ప్రకటించింది.

ఆ నెల పేరు మరొకసారి వినండి, ఫిబ్రవరి. మన పడమటి మండలాల ప్రజలు ఫిబ్రవరిలో ఎక్కడ ఉంటారు? మిరప చేలల్లో ఉంటారు. జనగణన నిబంధన ప్రకారం లెక్క జరిగే రోజుల్లో ఏ ఒక్క రోజూ సొంత ఇంట్లో ఉండని మనిషిని అతడు కనిపించిన చోటనే నమోదు చేయాలి. అంటే కోసిగి కుటుంబం గుంటూరు వైపు ఏదో ఊరి చేని గట్టున వేసుకున్న గుడిసెలో లెక్కకు రావాలి. ఆ గుడిసె ఆ ఊరి ఇళ్ల జాబితాలో ఉండదు. ఎందుకంటే ఆ జాబితా రాసేనాటికి ఆ గుడిసే లేదు. ఎన్యూమరేటరు చేలోకి నడిచి వస్తే వారు లెక్కలోకి వస్తారు. రాకపోతే రెండు చోట్లా లేనివారవుతారు. వచ్చినా వారు మన జిల్లా లెక్కలో ఉండరు. పదేళ్ల పాటు కోసిగికి, కౌతాళానికి ఎన్ని అంగన్‌వాడీలు కావాలో, ఎంత బియ్యం కావాలో నిర్ణయించేది ఈ లెక్కే. కరవు వల్ల ఊరు విడిచినవారు, ఊరు విడిచినందువల్లనే కరవు సాయానికి దూరమయ్యే పరిస్థితి ఇది. ఇది ఒక్క ముస్లిముల సమస్య కాదు. అయినా దీనిని మనం భుజాన వేసుకోవాలి. మన పక్కింటి బోయవాడు లెక్కలో లేకపోతే మన ఊరే లెక్కలో తగ్గుతుంది.

జనగణన అనగానే మన వీధుల్లో రెండు భయాలు వినిపిస్తున్నాయి. వాటిని తోసిపుచ్చకుండా జవాబు చెప్పడం మన బాధ్యత. మొదటిది, ఇది పౌరసత్వానికి సంబంధించిన పరీక్షేమోనన్న భయం. 2019, 2020 సంవత్సరాల అనుభవం తరువాత ఆ భయం అకారణమని ఎవరూ అనలేరు. అందుచేత చట్టం ఏమి చెబుతున్నదో అందరికీ తెలియాలి. జనగణన 1948 నాటి జనగణన చట్టం కింద జరుగుతుంది. ఇందులో ఏ ధ్రువపత్రమూ చూపవలసిన పనిలేదు. మనం చెప్పిన మాట రాసుకోవాలి, అంతే. ఆ చట్టం పదిహేనో సెక్షను ప్రకారం మనం చెప్పిన వివరాలను ఎవరూ తనిఖీకి అడగరాదు, వాటిని కోర్టులో సాక్ష్యంగా వాడరాదు. జాతీయ జనాభా రిజిస్టరు దీనికి వేరు. అది పౌరసత్వ చట్టం కింది నిబంధనలకు చెందినది. వచ్చిన మనిషిని "ఇది ఏ చట్టం కింద అడుగుతున్నారు?" అని మర్యాదగా అడగండి, గుర్తింపు కార్డు చూడండి. అడగడం మన హక్కు. భయంతో తలుపు వేసుకోవడం వల్ల మనకు రక్షణ దొరకదు. లెక్కలో లేని సమూహం తరఫున ఎవరూ వాదించలేరు.

రెండో భయం కులం గడి గురించి. "మనమంతా ముస్లిములమే కదా, కులం చెప్పుకుంటే ఐక్యత దెబ్బతింటుంది" అని కొందరు పెద్దలు అంటున్నారు. వారి ఆవేదన మాకు అర్థమవుతున్నది. మసీదులో ఒకే వరుసలో నిలబడతామన్నది నిజం. కాని మసీదు బయట అడుగు పెట్టాక పింజారి అని, ఫకీరు అని, కసాయి అని పిలిచే నోళ్లు మన మధ్యనే ఉన్నాయన్నదీ నిజం. తెలంగాణ ప్రభుత్వం 2024లో జరిపిన ఇంటింటి సర్వేలో ఆ రాష్ట్ర జనాభాలో ముస్లిములు 12.56 శాతమనీ, అందులో 10.08 శాతం వెనుకబడిన తరగతులకు చెందిన ముస్లిములనీ తేలింది. అంటే ప్రతి అయిదుగురిలో నలుగురు. ఈ సంగతి బయటపడినందువల్ల అక్కడి ముస్లిముల ఐక్యత చెడలేదు, వారి వాదనకు ఆధారం దొరికింది. దూదేకులవారు బీసీ-బి జాబితాలో ఉన్నారు. వారిలో ఎక్కువమంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. భాషను బట్టో పేరును బట్టో మతాన్ని ఊహించి రాసే ఎన్యూమరేటరు చేతిలో వారి వివరం తప్పుగా పడే ప్రమాదం ఉంది. తన మతం, తన కులం, తన మాతృభాష ఏమిటో తానే చెప్పాలి, రాసినది ఒకసారి చదివించుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఏ పేరు ఉందో ఆ పేరే చెప్పడం మేలు. ఒకే సమూహం పది పేర్లతో నమోదైతే పది చిన్న సమూహాలుగా చీలి కనిపిస్తుంది.

ఇక పనిలోకి దిగుదాము. మేము ప్రతిపాదించేవి అయిదు పనులు.

మొదటిది, మొహల్లా రిజిస్టరు. ప్రతి మొహల్లాలో, ప్రతి పల్లెలో సుగ్గికి పోయే కుటుంబాల వివరం ఒక నోటుపుస్తకంలో రాయాలి. ఇంటిపెద్ద పేరు, ఎంతమంది పోతున్నారు, ఏ మండలానికి పోతున్నారు, మేస్త్రీ ఎవరు, ఫోను నంబరు ఏది. అంతకు మించి ఒక్క ప్రశ్న కూడా అడగవద్దు. అవసరం లేని వివరం సేకరించకపోవడమే గోప్యతకు మొదటి మెట్టు. ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉండాలో మొహల్లా వారే నిర్ణయించాలి. దానిని ఫోనులో ఫొటో తీయరాదు, ఏ పార్టీకీ ఇవ్వరాదు. రాజకీయాల్లో పోటీ చేసే ఉద్దేశం ఉన్నవారి ఇంట్లో అది ఉండకపోవడమే క్షేమం.

రెండోది, కబురు. దీపావళి తరువాత కుటుంబాలు బయలుదేరేనాటికే ప్రతి ఇంటికీ ఒక మాట చేరాలి. "ఫిబ్రవరిలో మిమ్మల్ని అక్కడే లెక్కించాలి. ఎవరూ రాకపోతే మాకు ఫోను చేయండి." మనం పోగుచేసిన మండలాల వారీ సంఖ్యలను, పేర్లు లేకుండా, జిల్లా కలెక్టరుకు ముందుగానే అర్జీగా ఇవ్వాలి. వలస కూలీలు ఏ మండలంలో ఎందరున్నారో తెలిస్తే అక్కడి అధికారులు చేలకు మనుషులను పంపగలుగుతారు. ఫిబ్రవరి రోజుల్లో ఒక్క రోజైనా ఇంటికి వచ్చి పోగలిగినవారికి ఆ అవకాశం గురించి చెప్పాలి. అలా వచ్చినవారు మన ఊరి లెక్కలోనే పడతారు.

మూడోది, ఆడవారి ప్రశ్నలు ఆడవారే అడగాలి. మన ఇళ్లలో మగవారు పనికి పోయిన వేళ వచ్చే ఎన్యూమరేటరుకు పరదా వెనుక నుంచి సగం జవాబులే అందుతాయి. కుట్టుపని చేసి కుటుంబాన్ని నడిపే స్త్రీని "గృహిణి" అని రాసేస్తారు. "నువ్వు పనిచేస్తావా అమ్మీ?" అని అడిగితే ఆమె కూడా లేదనే అంటుంది, ఇంట్లో చేసేది పని కాదని ఆమెకు నేర్పారు కనుక. నెలకు ఎన్ని బట్టలు కుడతావు, ఎంత వస్తుంది అని అడిగితే నిజం తెలుస్తుంది. ప్రతి వీధిలో ఇద్దరు చదువుకున్న అమ్మాయిలు ముందే ఇల్లిల్లూ తిరిగి ఈ సంగతి వివరించాలి. ఉర్దూలో, కన్నడంలో, తెలుగులో, ఆ ఇంటివారు ఏది మాట్లాడితే అందులో వివరించాలి.

నాలుగోది, సచివాలయం రికార్డుల పరిశీలన. పింఛను, రేషను నిలిచిపోయిన ఇళ్లలో కారణం చాలాసార్లు కంప్యూటరులో ఉన్న తప్పుడు వివరమే. ఉమ్మడి ఇంట్లో నాలుగు సంసారాలకు ఒకే కరెంటు మీటరు ఉంటుంది. నెలకు 300 యూనిట్లు దాటగానే ఆ ఇంటి బేవా స్త్రీ కలిగిన కుటుంబం కింద లెక్కకు వస్తుంది. ఇలాంటి ఇళ్లను ఒక్కొక్కటిగా తీసుకుపోతే ఒక్కొక్కరూ తిరిగి వస్తారు. ఒక వార్డులో ఇటువంటివి ఎన్ని ఉన్నాయో కలిపి రాసి, సమాచార హక్కు చట్టం కింద అనర్హతకు కారణాలు అడిగితే అది ఒక ఇంటి మొర కాకుండా నిబంధనలోని లోపంగా కనిపిస్తుంది.

అయిదోది, తేలినది చదివి వినిపించడం. సంవత్సరానికి రెండుసార్లు, కుటుంబాలు ఊళ్లో ఉన్నప్పుడు, అందరూ రాగలిగిన స్థలంలో సభ పెట్టాలి. షాదీఖానా కావచ్చు, బడి ఆవరణ కావచ్చు. ఆడవారు కూర్చొని మాట్లాడగలిగేలా ఉండాలి. పేర్లు చెప్పకుండా మొత్తాలు చదవాలి. ఇంతమంది పిల్లలు బడి మానారు, ఇన్ని పింఛన్లు ఆగాయి, ఇన్ని కుటుంబాలు లెక్కలో లేవు. చదివాక "ఇందులో తప్పేమైనా ఉందా?" అని అడగాలి. తప్పు చూపినవారి మీద కోపగించుకోరాదు, వారివల్లనే మన లెక్క గట్టిపడుతుంది. షూరా అని మనం గౌరవంగా చెప్పుకునే సంప్రదింపు అంటే పెద్దలు నలుగురు కూర్చొని తీర్మానించడం మాత్రమే కాదు. నష్టపోయిన మనిషి ఆ సభలో నోరు తెరవగలగాలి.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉంది. ఇతరులు మనకు చేసిన అన్యాయాన్ని లెక్కించడంలో చూపే ఉత్సాహం, మనలో మనం చేసుకుంటున్న అన్యాయాన్ని లెక్కించడంలోనూ చూపాలి. కట్నాల కోసం అమ్మబడిన ఇళ్లు, మెహరు అందని స్త్రీలు, పదో తరగతికి ముందే చదువు ఆగిన ఆడపిల్లలు, హోటళ్లలో పనిచేసే పదేళ్ల అబ్బాయిలు మన రిజిస్టరులో కనిపించాలి. వీటిని దాచి తయారుచేసిన లెక్కను బయటివారు నమ్మరు, నమ్మవలసిన అవసరమూ లేదు.

సోదరులారా, సోదరీమణులారా! ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. మొహల్లాకు ఒక నోటుపుస్తకం, వీధికి ఇద్దరు యువతులు, ఇద్దరు యువకులు, మాట దాచుకోగలిగిన ఒక పెద్దమనిషి ఉంటే చాలు. సుగ్గికి పోయేవారు మూటలు కట్టుకోవడానికి ముందే మొదటి రెండు పనులు పూర్తి కావాలి. వారు బయలుదేరిన తరువాత మనం తలుపులు తడితే తాళాలే పలుకుతాయి. ఏ మొహల్లా బాధ్యత ఎవరు తీసుకుంటారో, ఏ పల్లెకు ఎవరు వెళతారో ఈ సమావేశం ముగిసేలోగా రాసుకొని లేద్దామని కోరుతున్నాము.